రెండు బెజ్జాల వెలుగు

రాగులకుంట ఏడో బొగ్గుబాయి దీపాలగదికి రోజూ పొద్దున ఆరింటికల్లా భూలక్ష్మి భయం ముందు వచ్చేది, వెనకాల భూలక్ష్మి వచ్చేది. దారిలో అంబులెన్సు ఎదురైతే అది బాయి నుంచే వస్తోందనుకునేది. వెనకనుంచి వస్తే బాయికే పోతోందనుకునేది. ఇంట్లో కుక్కర్ మూడో కూత ఆలస్యమైతే, కూతురు అఖిలను రెక్క పట్టి వంటింట్లోంచి బయటికి లాగేది. పదో తరగతితో ఆగిన చదువు, తండ్రి పోయాక వచ్చిన ఉద్యోగం, పద్దెనిమిదేళ్ళుగా అదే కిటికీ. షిఫ్టు దిగేవాళ్ళకు కిటికీలోంచి టోపీ దీపం ఇవ్వాలి, ఎక్కివచ్చాక తీసుకోవాలి. ఇచ్చిన దీపాలన్నీ తిరిగి వచ్చేదాకా ఆమెకు అన్నం సయించేది కాదు.

రెండేళ్ళ కిందట బాయిలోకి గాజుతీగ వచ్చింది. వెంట్రుకంత సన్నం. బాయి నోటి నుంచి ఐదో లెవెల్ చివరిదాకా గోడ వెంబడే పరిచారు. లోపల రేడియోలు పలకవు. అందుకని పనిచేసే చోట గోడకున్న గూట్లో మనిషి తన టోపీ దీపం వైరు కొస తగిలించుకుంటే చాలు, ఛాతీకి కట్టిన పట్టీ అతని ఊపిరిని వెలుగు మిణుకులుగా చేసి పైకి పంపుతుంది. మాటలు పోవు, కిందికి ఏదీ రాదు. ఊపిరి మాత్రం పైకి వస్తుంది. దీపాలగది తెర మీద ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క గీత లేస్తూ పడుతూ ఉంటుంది.

అందరి వెలుగూ ఒకే తీగలో కలిసిపోతే ఎవరిది ఎవరిదని ఎట్లా తెలుస్తుంది? ఆ సంగతి భూలక్ష్మికి అట్టకార్డులతో చూపించాడు ఇర్ఫాన్. తీగ పని చూసే కుర్ర ఇంజినీరు, వరంగల్ వాడు.

"చూడమ్మా, కార్డుల ఇరవై ఐదు గళ్ళు. అందుల నాలుగింటికే బెజ్జాలు. కార్డు మిషన్‌కు చదివిస్తే ఈ మనిషి దీపం ఆ నాలుగు గళ్ళల్లనే మిణుకుతది. ఇంకో మనిషికి ఇంకో నాలుగు. ఇప్పుడు రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకు పట్టు."

పట్టింది. ఒక్క బెజ్జంలోంచి వెలుగు చుక్క కంట్లో పడింది.

"ఒక్కటి కలిస్తే ఫికర్ లేదు. రెండు కలిసినయంటే మాత్రం ఖతం. దుమ్ముకు సగం వెలుగు పోతదని, నాలుగింట్ల రెండు కనబడినా మనిషి ఊపిరి తీస్తున్నట్టే అనుకొమ్మని మిషన్‌కు నేర్పినం. రెండు బెజ్జాలు కలిస్తే ఒకని ఊపిరి ఇంకొకని గీత మీద కూడ ఆడుతది."

"దయ్యం లెక్కన."

"అచ్చం గట్లనే." ఇర్ఫాన్ నవ్వాడు. "అందుకే యాభై కార్డులే చేసినం. యాభై ఒకటోది లెక్కల పుట్టది. ఎట్ల చేసినా ఎవరో ఒకరితోని రెండు బెజ్జాలు కలుస్తది."

బాయివాళ్ళు ఆ బెజ్జాల కోడ్‌ను కోడ్ అనలేదు, నంబరన్నారు. ఎవరి నంబరు వాళ్ళదే. షిఫ్టు మారినా ఒకరి నంబరు ఇంకొకరు ముట్టరు. మనిషి పోతే సంవత్సరీకం అయ్యేదాకా ఆ నంబరు ఎవరికీ ఇవ్వరు. మనిషికో ఇత్తడి నంబరు బిళ్ళ ఇచ్చిన కాలం నుంచీ ఉన్న ఆచారం అది. గాజుతీగ వచ్చినా ఆచారం మారలేదు.

తొమ్మిది నెలల కింద నాలుగో లెవెల్లో కప్పు కూలి ఏడుగురు పోయారు. అందులో భూలక్ష్మి పెనిమిటి సమ్మయ్య ఒకడు. ఆ రోజు తెర ముందు కూర్చున్నది ఆమే. ముప్పై ఒకటో నంబరు గీత మొదట ఎత్తుగా, తరవాత పొట్టిగా, ఆఖరుకు గాలిలేని నాటి కుంట నీళ్ళలాగ అయిపోవడం కళ్ళారా చూసింది. ఏడు కార్డులు గోడ అలమరలోకి పోయాయి. మిగిలినవి నలభై మూడు, మనుషులు నలభై ముగ్గురు.

నలభై నాలుగో మనిషి అఖిల.

మైనింగ్ డిప్లొమా చేసి, సర్వే ట్రెయినీగా అదే బాయికి వచ్చింది. ఆడపిల్లలు లోపలికి దిగడం ఆ బాయిలో అదే మొదలు.

"సమ్మయ్యన్న నంబరే ఇచ్చెయ్యమ్మా," అన్నాడు ఇర్ఫాన్. "మూడు నెలల్ల ఎట్లాగు సంవత్సరీకం అయితది. బయటోళ్ళకు ఇస్తే మాటొస్తది గాని, సొంత బిడ్డకు ఇస్తే ఎవరేమంటరు?"

భూలక్ష్మి ముఖం పాలిపోయింది. "చచ్చిపోయిన గీత నా బిడ్డ నెత్తికి కట్టుమంటవా సార్?"

"నంబరంటే నంబరేనమ్మా. దానికేం తెలుసు?"

"నాకు తెలుసు గద."

ఆ సాయంత్రం క్వార్టర్లో అఖిల కొత్త బూట్లకు లేసులు ఎక్కిస్తూ అడిగింది. "నాన్న నంబరు నాకే ఇస్తవు గదనే? ఇర్ఫాన్ సార్ చెప్పిండు."

"ఆఁ," అంది భూలక్ష్మి, పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ.

"నిజంగనా? ఏడుస్తవనుకున్న."

"ఏడుపెందుకు."

"అయితే ఇదేంది, పప్పుల ఉప్పు తక్కువైతదని కండ్లల్లకెల్లి పోస్తున్నవా?" అఖిల వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. "అమ్మా, ముప్పై ఒకటంటే నాకు భయం లేదే. నాన్న ఎంబడి ఉన్నట్టే ఉంటది. నువ్వు మాత్రం ఆ తెర ముంగట కూసోని నా ఊపిరి లెక్కపెట్టకు. నేను ఊపిరి తీసుడు నాకే మరుపొస్తది."

భూలక్ష్మికి కూతురు సంతోషం చూసి ఇంకా భయమైంది. వరసగా మూడు మధ్యాహ్నాలు, మొదటి షిఫ్టు లోపలున్నప్పుడు, ఖాళీ అట్టలు ముందేసుకుని కూర్చుంది. నాలుగు బెజ్జాలు పొడవడం, నలభై మూడు కార్డుల మీదా ఒక్కొక్కటిగా పెట్టి బల్బుకు పట్టడం. ఒక అట్ట ముగ్గురితో కలిసింది, ఇంకొకటి ఐదుగురితో. అలమరలో ఉన్న ఏడింటితో మాత్రం సరిచూడలేదు. పోయినవాళ్ళతో పేచీ లేదనుకుంది. మూడోరోజు ఒక అట్ట కుదిరింది. నలభై ఇద్దరితో ఒకటో, సున్నానో. ఒక్క పన్నెండో నంబరుతో మాత్రం రెండు బెజ్జాలు. ఆరో గడి, పందొమ్మిదో గడి.

పన్నెండు కొమురయ్యది. కప్పుకు దుంగలు పెట్టే ముసలాయన. రెండో షిఫ్టు తప్ప చెయ్యడు. అఖిలది మొదటి షిఫ్టు. పొద్దున పోయేది మధ్యాహ్నం వచ్చేస్తుంది, మధ్యాహ్నం పోయేవాడు రాత్రికి వస్తాడు. దీపాలు ఇచ్చేది తనే. ఇద్దరూ ఒకేసారి లోపల లేకుండా చూసుకోవడమెంత పని?

అట్ట మీద ముప్పై ఒకటి అని రాసి మిషన్‌కు చదివించింది. మిషన్ బెజ్జాలు చదువుతుంది గాని అంకె చదవదు. ఇర్ఫాన్ పేర్ల జాబితాలో ముప్పై ఒకటి పక్కన అఖిల పేరు చూసి, "మంచిపని చేసినవమ్మా," అన్నాడు. భూలక్ష్మి తల ఊపింది.

దాదాపు మూడు నెలలు బాగానే గడిచాయి. సమ్మయ్య సంవత్సరీకం ఇంకో పది రోజులుంది. అది కాగానే అసలు కార్డు తీసి ఇచ్చేద్దామని, దొంగ అట్ట పొయ్యిలో వేసేద్దామని ఆమె అనుకుంటోంది. ఏడాది నిండితే ఆ గీత చావు కూడా తీరిపోయినట్టే గదా.

ఆ మంగళవారం పొద్దున ఆరూ నలభైకి కిటికీ ముందు కొమురయ్య నిలబడ్డాడు.

"నా దీపమియ్యి బిడ్డా."

భూలక్ష్మి చెయ్యి గాల్లో ఆగిపోయింది. "నీది రెండోది గద కాకా?"

"ఇయ్యాల మార్పిచ్చుకున్న. సాయంత్రం మనవరాలికి పుట్టెంటికలు తీస్తున్నరు. మేనమామ ఒళ్ళె కూసోవెడుతరు, నేను లేకుంటె అది గుండు చేయనిస్తదా?" నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. మూడు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు. ముప్పై ఏళ్ళ బొగ్గుదుమ్ము అది. ఆ దగ్గు వింటే బాయి మొత్తం కళ్ళు మూసుకుని ఎవరో చెప్పేది.

"కాకా, ఇయ్యాల వద్దు. సుట్టీ పెట్టరాదు?"

"ఎందుకు?"

ఎందుకో చెప్పడానికి నోరు తెరిచింది. కొమురయ్య వెనకాల వరసలో అఖిల నిలబడి ఉంది, నెత్తిన టోపీ, చంకలో కొలతల టేపు. కూతురు ముందు, వరసలో ఉన్న పన్నెండు మంది ముందు, ఏమని చెప్పాలి? అలమరలోని ఒక కార్డు ఈ ఒక్క పూటకు ఈయనకు ఇద్దామంటే, చచ్చినవాడి నంబరుతో కొమురయ్య గుమ్మం కూడా దాటడు. అఖిల దీపం ఆపుదామంటే ఎందుకని అడుగుతారు.

"నాకు మంచిగనిపిస్తలేదు," అంది చివరికి.

వరసంతా గొల్లుమంది.

"నీకు ఏనాడు మంచిగనిపిచ్చింది గని!" అన్నాడు కొమురయ్య. "పోయిన సోమారం నా చెప్పు తెగితె కూడ బాయి కూల్తదన్నవు. ఇయ్యి బిడ్డా, నీ భయం పైన్నే కావలుంచుకో."

అఖిల ముసలాయన భుజం మీదుగా తొంగిచూసి, తల్లికి కన్ను కొట్టింది. "కాకా, మా అమ్మ భయపడ్డ రోజు ఏం కాదు. భయపడని రోజే ఇంట్ల ఉండాలె."

పన్నెండో దీపం ఇచ్చింది. రెండు నిమిషాల తరవాత ముప్పై ఒకటో దీపం ఇచ్చింది.

పదకొండూ పదికి సైరన్ మోగింది. అది షిఫ్టు సైరన్ కాదు, ఆగకుండా మోగింది.

బాయిలోకి దిగే పెద్ద వాలుదారి, మెయిన్ డిప్ మీద కప్పు కూలింది. పైన పనిచేస్తున్నవాళ్ళంతా ముఖాలు తుడుచుకుంటూ బయటపడ్డారు. దీపాలు ఒక్కొక్కటిగా కిటికీలోకి వచ్చాయి. భూలక్ష్మి వాటిని కొక్కేలకు తగిలిస్తూ లెక్కపెట్టింది. పన్నెండున్నరకు రెండు కొక్కేలు ఖాళీ. కొమురయ్య మూడో లెవెల్లో ఉన్నాడు. అఖిల ఐదో లెవెల్ చివర కొలతలు తీస్తోంది. కూలిన రాళ్ళకు అటుపక్క ఇద్దరూ, రెండు వేరువేరు దారుల్లో.

తెర మీద మాత్రం రెండు గీతలూ ఆడుతున్నాయి. పన్నెండు బలంగా, ముప్పై ఒకటి నీరసంగా.

"ఉన్నరు! ఇద్దరు ఉన్నరు!" ఇర్ఫాన్ ఫోనులో అరిచాడు. భూలక్ష్మి కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

మేనేజర్ వచ్చి తెర చూశాడు. కప్పు ఇంకా కదులుతూ ఉంది, రెండు దారులూ ఒకేసారి తవ్వితే మొత్తం వచ్చి మీద పడుతుంది. ఒకరి తరవాత ఒకరే. "ముసలాయనది మంచిగనే ఉంది. పిల్లది బలహీనంగ ఉంది. ముందు ఐదో లెవెల్ తీయండి."

కొమురయ్య పెండ్లాం రాజవ్వ అప్పటికే వచ్చి దీపాలగది బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో సంచీ, సంచీలో మనవరాలి కోసం కుట్టించిన పరికిణీ. పుట్టువెంట్రుకల ఇంటి నుంచి అట్లాగే పరుగెత్తుకొచ్చింది. మేనేజర్ మాట విని, భూలక్ష్మి పక్కకు జరిగి కూర్చుంది.

"ముందు నీ బిడ్డనే తియ్యని," అంది. "పసిది. మా ముసలోడు ఓర్సుకుంటడు, మొండోడు. ఇంటికాడ గూడ గంటసేపు అన్నం పెట్టకున్నా ఏమనడు." భూలక్ష్మి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "ఏడవకు. కనబడుతుంది గద, ఊపిరి తీస్తంది."

భూలక్ష్మి తెర వైపు చూసింది. తీస్తోంది. లేస్తోంది, పడుతోంది. బిడ్డా, తియ్యి. ఇంకొకటి తియ్యి. ఆనాడు నన్ను ఊపిరి లెక్కపెట్టొద్దన్నావు గాని, ఇప్పుడు లెక్కపెట్టకుండా ఎట్లా ఉండను?

ఒంటిగంటన్నర దాటింది. కింద ఐదో లెవెల్ దారిలో రెస్క్యూవాళ్ళు ముప్పై అడుగులు తవ్వారని ఫోను వచ్చింది. ఇట్లాగే సాగితే మూడింటికల్లా పిల్ల దగ్గరికి చేరతారట.

అప్పుడే ముప్పై ఒకటో గీత దగ్గింది.

మూడు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు.

భూలక్ష్మి చూపు పై గీతకు పోయింది. పన్నెండో గీతలోనూ అవే, అదే క్షణాన. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. ఇరవై ఒక్కేళ్ళ ఆడపిల్ల గీతలో బొగ్గుదుమ్ము పట్టిన ముసలాయన దగ్గు.

భూలక్ష్మి మెల్లిగా రాజవ్వ ఒళ్ళోంచి చెయ్యి తీసుకుని, మూలనున్న రెండో తెర దగ్గరికి పోయింది. అది గళ్ళ తెర. తీగలో ఏ గడిలో వెలుగుందో ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గీతలు బాగున్నప్పుడు దాన్నెవరూ చూడరు. కింద ఇద్దరు బతికి ఉంటే, ఇద్దరివీ కలిపి ఎనిమిదింట్లో, రెండుసార్లు లెక్కకొచ్చే ఆ రెండూ పోగా, ఆరు గళ్ళు వెలగాలి. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

నాలుగు.

నాలుగూ కొమురయ్యవే. అఖిలకు మాత్రమే ఉన్న గళ్ళు, తొమ్మిదోది, ఇరవై రెండోది, నల్లగా ఉన్నాయి.

దీపం కొస ఊడిపోయి ఉండొచ్చు. తీగ తెగి ఉండొచ్చు. గూటి మీద రాయి పడి ఉండొచ్చు. ఊపిరి లేకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఇట్లా మంచివైపు కారణాలు వెతకడం ఆమెకు అలవాటు లేని పని. అయినా ఒక్కొక్కటే వెతికి దగ్గర పెట్టుకుంది. ఏదైతేనేం, తవ్వుతున్నది బిడ్డ వైపే. తను నోరు మూసుకుంటే గంటన్నరలో బిడ్డ దగ్గరికి పోతారు. ఈ గళ్ళ తెర చూసేవాడు లేడు. అట్ట సంగతి తెలిసినవాడు లేడు. తలుపు తీసే ఉంది, కిటికీ తెరిచే ఉంది, అయినా ఆ గదిలో ఆమెకు నిలబడడానికి అడుగు చోటు లేదు. మాట్లాడితే బిడ్డను వదిలేసినట్టు. మాట్లాడకపోతే, ఊపిరి ఉన్నదని తెలిసిన ఒకే ఒక్క మనిషిని వదిలేసినట్టు.

తెర మీద మళ్ళీ దగ్గు. ఈసారి పెద్ద దగ్గు రాలేదు. మూడు చిన్నవి, తరవాత చాలాసేపు ఏమీ లేదు.

"అగో," అంది రాజవ్వ వెనకనుంచి, "నీ బిడ్డది ఆగుతున్నట్టుంది. జెల్ది తవ్వుమని చెప్పరాదు సార్, ఆ పిల్ల దగ్గర జెల్ది తవ్వుమను!"

భూలక్ష్మి వెనక్కి తిరిగింది. "అది నా బిడ్డది కాదు రాజవ్వా."

"ఏంది?"

"ఆ రెండో గీత కూడ కాకదే. నా బిడ్డది లేదు. సార్, ఆ అట్ట నేను చేసిన. ముప్పై ఒకటి కాదది. పన్నెండుతోని రెండు బెజ్జాలు కలుస్తది."

ఇర్ఫాన్ గళ్ళ తెర దగ్గరికి దూకినట్టే వచ్చి, చూసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఎందుకమ్మా? యాభై ఒకటోది పుట్టదని చెప్పిన గద!"

"చెప్పినవు."

మేనేజర్ అరుపుకు గది కిటికీలు అదిరాయి. "గంటసేపు తప్పు దారిల తవ్వించినవు! ముసలాయన గాలి అయిపోతుంది అక్కడ! ఇప్పుడేం చెయ్యాలె? ఇంకో గంటన్నరల పిల్ల దగ్గరికి పోతరు, ఇప్పుడు ఆపుమంటవా? నువ్వే చెప్పు. తల్లివి గద, చెప్పు!"

అతను నిజంగానే అడుగుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ మాట తన నోట్లోంచి పోతే గాని కిందికి పోదు.

"మూడో లెవెల్‌కు తిప్పుండ్రి," అంది.

రాజవ్వ లేచి నిలబడింది. "ఎప్పటిసంది తెలుసు నీకు?"

"కలుస్తదని మూడు నెలలసంది. ఇది దయ్యం గీతని ఇప్పుడే, నీ పక్కన కూసున్నప్పుడే."

రాజవ్వ తిట్టినా, కొట్టినా బాగుండేది. సంచీ చంకలో పెట్టుకుని, పోయి గుమ్మం దగ్గర, భూలక్ష్మికి వీపు చేసి నిలబడింది.

తరవాత రెండున్నర గంటలు భూలక్ష్మి గళ్ళ తెర ముందు నుంచి లేవలేదు. ఎవరో నీళ్ళిచ్చారు, తాగింది. బయట జనం, జీపులు, ఎవరిదో ఏడుపు. ఆమెకు వింతగా ఉంది. భయం లేదు. పుట్టినప్పటి నుంచి గుండెలో ఏదో ఒకటి కొట్టుకుంటూనే ఉండేది, ఇవ్వాళ అక్కడ ఏమీ లేదు. ఇంక జరగడానికి ఏమైనా మిగిలి ఉంటే గదా భయపడేది. క్వార్టర్లో గ్యాస్ కట్టేశానా అన్న ఆలోచన ఒకటి వచ్చింది. కట్టెయ్యకపోతే ఏమైతుంది, అనుకుంది. మొట్టమొదటిసారి.

నాలుగూ పదికి ఫోను మోగింది. ఇర్ఫాన్ ఎత్తి, విని, గుమ్మం వైపు చెయ్యి ఊపాడు. "దొరికిండు! రాజవ్వా, దొరికిండు! కండ్లు తెరిచిండట, నీళ్ళడిగిండట!" గుమ్మం దగ్గర రాజవ్వ అక్కడికక్కడే నేల మీద కూర్చుండిపోయింది. బయట జనం కేకలు, ఈలలు.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టడానికి కింద కొమురయ్య దీపం కొస గూట్లోంచి పీకారు.

పన్నెండో గీత ఆగింది. అదే రెప్పపాటున ముప్పై ఒకటో గీత కూడా ఆగింది.

అట్లా అవుతుందని ఆమెకు తెలుసు. రెండున్నర గంటలుగా తెలుసు. అయినా ఆ దొంగ గీత మీద ఇంతసేపూ ఏదో మూల ఆనుకునే కూర్చుందని అది పోయాకే తెలిసింది. గళ్ళ తెర మొత్తం నల్లగా అయిపోయింది. ఇరవై ఐదు గళ్ళు, ఇరవై ఐదూ చీకటి.

ఇర్ఫాన్ పక్కన వచ్చి నిలబడ్డాడు. "ఐదో లెవెల్‌కు మళ్ళ పోతున్నరమ్మా. ఎట్లున్నా తీసుకొస్తరు. నువ్వు ఇక్కడ కూసోకు. లే."

ఆమె లేవలేదు. నల్లటి తెర సన్నగా బూడిద రంగులోకి తిరుగుతోంది, దుమ్ము పట్టినట్టు.

"ఇదేంది సార్, తెర కరాబైందా?"

"లేదు. మిషన్ కన్ను తెరుచుకుంటుంది. పెద్ద దీపం ముంగటుంటే మన కన్ను చిన్నగైతది చూడు, గట్లనే. అది ఆరిపోయిందని ఇప్పుడు దొరికిన కాడికి చూద్దామని..."

మాట సగంలో ఆపేశాడు.

తొమ్మిదో గడిలో ఏదో ఉంది. వెలుగనడానికి లేదు. బూడిదలో బూడిద. కొంచెం సేపు ఉండి పోయింది. ఇర్ఫాన్ తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు. ఇరవై రెండో గడిలో కూడా వచ్చింది. పోయింది. మళ్ళీ రెండూ కలిసి వచ్చాయి, కలిసి పోయాయి. దగ్గు లేదు అందులో. పొట్టిపొట్టి ఊపిరి, ఆగి ఆగి, భయపడ్డ పసిపిల్ల తీసేటట్టు.

"యా అల్లా," అన్నాడు ఇర్ఫాన్. "అమ్మా! ఆ రెండూ నీ అట్టవే గద? నీ అట్టకు తప్ప ఎవరికీ లేవు గద?"

భూలక్ష్మి తల ఊపింది.

"కొస సగం ఊడినట్టుంది, ఈమె వెలుగు సన్నగైంది. కొమురయ్యది పెద్దగుంటె మిషన్‌కు ఇది కనబడలే, అంతే! ఉందమ్మా!" అతను ఫోను లాక్కుని అరుస్తున్నాడు. "ఐదో లెవెల్! మనిషి ఉంది! ఉంది సార్, నా కండ్లతోని చూస్తున్న, ఉరుకుమనుండ్రి!"

గుమ్మం దగ్గర రాజవ్వ తల తిప్పింది. అక్కడి నుంచి లేవలేదు, దగ్గరికి రాలేదు. భూలక్ష్మి ముఖం వైపు మాత్రం చూస్తూ ఉండిపోయింది.

"ఎంతసేపు పడుతది సార్?" అంది భూలక్ష్మి.

"సగం తవ్వే ఉంది గద. గంటన్నర. కప్పు ఆగితే."

కప్పు ఆగితే.

ఆగకపోతే? మూడో లెవెల్ దగ్గర తవ్వినందుకే ఐదో లెవెల్ కప్పు ఇంకా సడలితే? గంటన్నరకు గాలి చాలకపోతే? సగం ఊడిన కొస పూర్తిగా ఊడిపోతే, పిల్ల బతికి ఉన్నా లేదనుకుని వీళ్ళు ఆగిపోతే? కాళ్ళ మీద రాయి ఉంటే? నీళ్ళు ఊరుతుంటే? రెస్క్యూవాళ్ళకు ఏమన్నా అయితే? ఇంతసేపూ ఎక్కడికో పోయినవన్నీ తలుపు తోసుకుని ఒక్కసారే లోపలికి వచ్చాయి. భూలక్ష్మి కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది, తొమ్మిదో గడి పక్కన వేలు ఆనించింది, పెదవులు కదుపుతూ, కూతురు వద్దన్న పనే మొదలుపెట్టింది.

ఒకటి. రెండు. మూడు.